నిలువు పైపు మీద నీళ్లు అలలుగా దిగుతాయి, గాలం దారం మీద ఆముదం పూసలు కడుతుంది. రెండూ గుండ్రటివే కదా, ఎందుకీ తేడా?

కాకినాడ_కెమికల్_4 అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం బీటెక్ కెమికల్ ఆఖరి ఏడాది, నలుగురం అమ్మాయిలం కలిసి ప్రాజెక్టు చేస్తున్నాం. నిలువుగా నిలబెట్టిన పైపు బయటి గోడ మీద పలుచని నీటి పొర ఎలా దిగుతుందో చూడటం మా పని.

మా ఏర్పాటు చెబుతాను. 50 మి.మీ. బయటి వ్యాసం ఉన్న స్టీలు పైపు, మీటరు పొడవు. పైన పైపు చుట్టూ ఒక కప్పు బిగించాం. కప్పు అడుగుకీ పైపుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. నీళ్లు ఆ సందులోంచి పైపును పట్టుకుని దిగుతాయి. పంపు కుదుపులు రాకూడదని ఎత్తులో ట్యాంకు పెట్టి, అందులో నీటి మట్టం మారకుండా చూస్తున్నాం. కొలజాడీతో పడితే నిమిషానికి 1 లీటరు వస్తోంది. నీటి వేడి 30 డిగ్రీలు.

పైన ఒక జానెడు దూరం పొర అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత ఉంగరాల్లా అలలు మొదలవుతాయి. ఒక్కో అలకీ మధ్య దూరం దాదాపు 2 సెం.మీ. కిందికి పోయేకొద్దీ ఉంగరాలు విరిగిపోయి చిందరవందరగా అవుతాయి. ట్యాంకు నిలకడగా ఉన్నప్పుడు ఈ అలలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చిటికెడు పసుపు వేసి వీడియో తీశాం. అల పసుపు రేణువును దాటేసి ముందుకు పోతోంది! నీళ్ల కంటే అల ఎలా ముందు పోతుంది?

ఇంకో సమస్య. పైపు మధ్యలో ఒకచోట ఎండిన మచ్చ పడుతుంది. నీళ్లు దాని పక్కల నుంచి చీలి పోతాయి తప్ప మచ్చ మూసుకోదు.

అసలు సందేహం ఇది. సరదాకి గాలం వేసే నైలాన్ దారాన్ని బరువు కట్టి వేలాడదీసి, పై నుంచి ఆముదం వదిలాం. వరసగా పూసలు కట్టి దిగాయి. గుండ్రటి ద్రవస్తంభం ఏదైనా తలతన్యత వల్ల చుక్కలుగా విడిపోవాలని చూస్తుందని, దాన్ని ప్లాటూ–రేలీ అస్థిరత అంటారని క్లాసులో చెప్పారు. మరి పైపు మీద నీళ్లు కూడా గుండ్రటి పొరే కదా? పైపు మీద అలలు కూడా అదేనని మా ఫ్రెండ్ అంటోంది. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎక్స్‌టర్నల్ వైవా దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఫ్యాబ్రికేషన్_షెడ్

చెల్లెమ్మా, సిద్ధాంతం పెద్దవాళ్లు చెబుతారు, నేను పైపు సంగతి చెబుతాను. ముందు పైపు నిలువు చూసుకోండి. దారానికి గుండు కట్టి రెండు వైపుల నుంచీ చూడండి, ఒక్క వైపు నుంచి చూస్తే చాలదు. పైపు కొంచెం వాలినా నీళ్లన్నీ కింది వైపుకి చేరి, పై వైపు పొర పలచబడుతుంది. మచ్చ ఎప్పుడూ ఒకే పక్క పడుతుంటే కారణం అదే అయ్యుంటుంది.

రెండోది, కప్పు కింది సందు చుట్టూ ఒకేలా ఉందా? ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి నాలుగు వైపులా చూడండి. మూడోది, షాపు నుంచి వచ్చిన పైపుకి నూనె జిడ్డు ఉంటుంది. సన్న ఎమరీ పేపరు పట్టి, వేడినీళ్లు, సర్ఫుతో కడిగేయండి. అప్పటికీ మచ్చ పోకపోతే ట్యాంకులోనే రెండు చుక్కలు షాంపూ వేస్తే నీళ్లు బాగా పరుచుకుంటాయి.

ఎవాపరేటర్_రిటైర్డ్

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. నేను పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర మిల్లులో ఎవాపరేటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మా బాడీల్లో, అంటే రసాన్ని మరిగించి చిక్కబరిచే పెద్ద పాత్రల్లో, నిలువు ట్యూబుల లోపల చెరకు రసం ఉడుకుతుంది, బయట ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి ట్యూబు బయటి గోడకు తగిలి నీరై, పలుచని పొరగా కిందికి జారుతుంది. అంటే మీ పైపులాంటివి మా దగ్గర వేలకొద్దీ ఉండేవి, కానీ అన్నీ షెల్ లోపల. ఆ పొరను ఎవరూ కళ్లారా చూడలేరు. మీరు చూస్తున్నారు కాబట్టి ఓపికగా చూడండి.

ముందు పొర మందం తేలాలి, అది తేలితే మిగతావన్నీ తేలతాయి. జర్మన్ ఇంజనీరు నుసెల్ట్ 1916లో చేసిన లెక్క ఇప్పటికీ మొదటి అడుగు. గురుత్వం కిందికి లాగుతుంది, గోడ దగ్గర జిగట పట్టి ఆపుతుంది, రెండూ సమానమైన చోట పొర నిలకడగా దిగుతుంది. మందాన్ని ఘనం చేస్తే వచ్చేది: 3 × కైనమాటిక్ స్నిగ్ధత × (ప్రవాహం ÷ చుట్టుకొలత) ÷ గురుత్వ త్వరణం. స్నిగ్ధతను, అంటే జిగటను, సాంద్రతతో భాగిస్తే వచ్చేదే కైనమాటిక్ స్నిగ్ధత. మీ పైపు చుట్టుకొలత 0.157 మీటర్లు. నిమిషానికి 1 లీటరంటే మీటరు చుట్టుకొలతకు సెకనుకు 0.106 కిలోలు. 30 డిగ్రీల నీటికి లెక్క కడితే మందం 0.3 మి.మీ. వస్తుంది. సగటు వేగం సెకనుకు 0.36 మీటర్లు. పొర పైభాగం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 0.54. జిగటతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య, (ప్రవాహం ÷ చుట్టుకొలత)ను కైనమాటిక్ స్నిగ్ధతతో భాగించి నాలుగు రెట్లు తీసుకునే పద్ధతిలో, దాదాపు 530. పైపు వ్యాసార్ధం 25 మి.మీ. కాబట్టి మందం అందులో నూటికి 1.2 వంతులే. ఈ లెక్కకు మీ పైపు గుండ్రటిదైనా బల్లపరుపైనా ఒకటే.

మీ ఫ్రెండ్ మాటకు జవాబు మీ కొలతలోనే ఉంది. గుండ్రటి గోడ మీద పలుచని పొరను తలతన్యత చుక్కలు చేయాలని చూస్తే, అన్నిటికంటే వేగంగా పెరిగే అల పొడవు వ్యాసార్ధానికి 8.9 రెట్లుంటుంది. 25 మి.మీ.కి అది 22 సెంటీమీటర్లు. మీరు చూసింది 2 సెంటీమీటర్లు. కాబట్టి మీ అలలు వేరే జాతివి.

కాలం లెక్క కూడా చూడండి. ఆ అస్థిరత పెరగడానికి పట్టే సమయం అంచనాకు 12 × స్నిగ్ధత × వ్యాసార్ధం నాలుగో ఘాతం ÷ (తలతన్యత × మందం ఘనం). మీ పైపు మీద నీటికి 2000 సెకన్లు దాటుతుంది, అరగంటకు పైనే. మీ నీళ్లు మూడు సెకన్లలో పైపు దిగి బకెట్లో పడిపోతున్నాయి. తలతన్యతకు పూస కట్టే వ్యవధి ఎక్కడిది? అదే గాలం దారం మీద, ఆముదం పొరతో కలిపి అర మిల్లీమీటరు వ్యాసార్ధం, 0.3 మి.మీ. మందం అనుకుంటే సెకనులో మూడో వంతు కాస్త దాటుతుంది. ఆముదం జిగట వల్ల నింపాదిగా దిగుతుంది కాబట్టి ఆలోపే పూస కట్టేస్తుంది. వ్యాసార్ధం నాలుగో ఘాతంలో ఉండటమే కీలకం. మీ దారాన్నీ పైపునూ విడదీసేది అదే.

వీలైతే అదే ఆముదాన్ని పైపు మీద కూడా వదలండి. మన గది వేడికి ఆముదం కైనమాటిక్ స్నిగ్ధత నీటికి ఐదారు వందల రెట్లు. అయినా మందం ఘనమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి, అంతే ప్రవాహానికి పొర ఎనిమిది రెట్లకు కాస్త పైనే, రెండున్నర మి.మీ. దగ్గర ఉంటుంది. రెనాల్డ్స్ సంఖ్య ఒకటికి తక్కువ. పైనుంచి కిందిదాకా నున్నగా, అల లేకుండా దిగుతుంది. ఒకే నూనె దారం మీద పూసలు, పైపు మీద నున్నటి పొర! వైవాలో ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టండి.

ఇక మీ అలలు. వీటిని శ్రద్ధగా కొలిచిన మనిషి రష్యన్ భౌతికశాస్త్రవేత్త ప్యోత్ర్ కపిట్జా. 1946లో ఆయన్ని సొంత సంస్థ డైరెక్టరు పదవి నుంచి తీసేశారు. మాస్కో బయట నికోలినా గొరాలో తన ఇంటి దగ్గరే చిన్న ల్యాబు పెట్టుకుని, కొడుకు సెర్గీతో కలిసి నిలువు గాజు గొట్టం బయట నీళ్లు, ఆల్కహాలు పారించి, అలల నీడలు ఫొటోలు తీశారు. 1948, 49ల్లో ఆ పేపర్లు వచ్చాయి. అతిశీతల భౌతికశాస్త్రానికి ఆయనకు 1978లో నోబెల్ వచ్చింది, అది వేరే కథ. నాకు మాత్రం ఆ గాజు గొట్టం పని అంటేనే ఎక్కువ గౌరవం. పదవి పోయినవాడు ఒక గొట్టం, కొన్ని నీళ్లు తీసుకుని, ఇప్పటికీ అందరూ వాడే పని చేశాడు.

ట్యాంకు నిలకడగా ఉన్నా అలలు ఎందుకంటే, నిలువు గోడ మీద దిగే పొర ఎంత మెల్లగా పారినా అస్థిరమేనని బెంజమిన్ అనే శాస్త్రవేత్త 1957లో, యీ అనే మరో శాస్త్రవేత్త 1963లో లెక్కగట్టి చూపారు. గోడ కాస్త ఏటవాలుగా ఉంటే కొంత ప్రవాహం దాకా పొర నున్నగా ఉంటుంది. సరిగ్గా నిలువుగా ఉన్నప్పుడు ఆ మినహాయింపు సున్నా. ఆముదం పొర కూడా లెక్క ప్రకారం అస్థిరమే కానీ, అందులో అల ఎంత మెల్లగా పెరుగుతుందంటే మీ మీటరు పైపులో కంటికి కనిపించదు. పొర ఇలా అస్థిరం కావడానికి కారణం జడత్వం. పొర మందమైన చోట నీళ్లు వేగంగా పోవాలి, ఎందుకంటే వేగం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. కానీ నీళ్లు ఆ కొత్త వేగాన్ని వెంటనే అందుకోలేవు, ఒక పిసరు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం వల్ల శిఖరం దగ్గర ఇంకాస్త నీరు పోగుపడుతుంది. ట్యాంకులో, గదిలో, నేలలో ఉండే అతి చిన్న కదలిక చాలు, మిగతాది పొరే పెంచుకుంటుంది. పైన జానెడు దూరం నున్నగా ఉన్నది అల లేకపోవడం వల్ల కాదు, కంటికి కనిపించేంత ఎదగకపోవడం వల్ల.

పసుపును అల దాటడం సరైనదే. బాగా మెల్లగా పారే పొరలో చిన్న అల వేగం సగటు వేగానికి మూడు రెట్లు, అంటే పై తలం వేగానికి రెండింతలు. మీ ప్రవాహంలో అంత ఉండదు, రెండు రెట్ల పైచిలుకు ఉండొచ్చు. అయినా పసుపు కంటే వేగమే. ముందుకు పోయేది ఆకారం. ఒక నీటి బొట్టు శిఖరంలోకి వచ్చి, కాసేపుండి, వెనక్కి జారిపోతుంది.

ఇప్పుడు ఎండిన మచ్చ. షెడ్ తమ్ముడు చెప్పినవి ముందు చేయండి, నిలువూ సందూ జిడ్డూ మూడూ నిజమే. షాంపూ మాత్రం ట్యాంకులో వేయకండి. సబ్బు పదార్థం నీటి పైతలానికి సాగే గుణం తెచ్చిపెట్టి అలలను అణిచేస్తుంది. మచ్చ పోతుంది కానీ మీరు చూడాలనుకున్నది కూడా పోతుంది. పైపును సబ్బుతో కడిగితే ఆ తర్వాత మంచినీళ్లతో బాగా తొలవండి.

మచ్చ ఎందుకు మూసుకోదంటే, మచ్చ పై అంచు దగ్గర రెండు బలాలు ఎదురెదురు నిలబడతాయి. పై నుంచి వచ్చే నీటి తోపు మచ్చను కప్పాలని చూస్తుంది. తలతన్యత అంచును వెనక్కి లాగి పట్టుకుంటుంది. హార్ట్‌లీ, ముర్గట్రాయిడ్ 1964లో ఈ లెక్క ఇచ్చారు. మీ స్టీలు మీద నీటి స్పర్శకోణం (నీటి అంచు గోడతో చేసే కోణం) 60 డిగ్రీలు అనుకుంటే, మచ్చ మూసుకోవడానికి కావలసిన మందం 0.32 మి.మీ. మీ పొర 0.3. అందుకే మచ్చ అలాగే కూర్చుంది! పైపును బాగా శుభ్రం చేసి కోణాన్ని 20 డిగ్రీలకు తెస్తే 0.21 మి.మీ. చాలు. లేదంటే ప్రవాహాన్ని నిమిషానికి 1.3 లీటర్లు దాటించి పైపంతా తడిపి, తర్వాత 1 లీటరుకు తగ్గించండి. ఒకసారి తడిసిన గోడ తడిగానే ఉంటుంది, ఎండిన గోడను కొత్తగా తడపడమే కష్టం.

మా మిల్లులో నేను కొత్త కుర్రాళ్లకు చెబుతూ వచ్చింది కూడా ఇదే. అలలను చూసి భయపడకండి, అలలు మన పక్షం. నిలువు గోడ మీద ఆవిరి నీరయ్యేటప్పుడు, గోడకు వేడి ఎంత తేలిగ్గా చేరుతుందో చెప్పే నుసెల్ట్ సూత్రంలో 0.943 అనే గుణకం వస్తుంది. మెక్ ఆడమ్స్ అనే ఇంజనీరు దాన్ని 1.13 చేయమన్నారు, అంటే 20 శాతం ఎక్కువ. ఆ లాభంలో పెద్ద వంతు అలలదే. మా మొదటి బాడీలో చదరపు మీటరుకు గంటకు 30 కిలోల ఆవిరి నీరవుతుందనుకోండి. 45 మి.మీ. ట్యూబు, 2 మీటర్ల పొడవు అయితే ట్యూబు అడుగున పొర మందం 0.11 మి.మీ. మాత్రమే. అంత పలుచని నీరు కూడా వేడికి అడ్డమే. దాన్ని అల కదిపిన ప్రతిసారీ అడ్డు తగ్గుతుంది. కండెన్సేట్ (ఆవిరి నీరై చేరిన నీళ్లు) సరిగ్గా లాగకపోతే ట్యూబుల అడుగు భాగం నీళ్లలో మునిగి, ఈ లెక్కలన్నీ వృథా అవుతాయి. మా వాళ్లు రసం వైపు ట్యూబుకు పట్టే స్కేలు (గట్టి పెచ్చు) గురించి మాట్లాడినంతగా ఆవిరి వైపు పొర గురించి మాట్లాడరు, నాకు ఎప్పుడూ అదే బాధ.

దారం_పరిశోధకుడు

పెద్దాయన జవాబు చాలా బాగుంది. నేను హ్యూస్టన్‌లో ఉంటాను, పీహెచ్‌డీ దారాల మీద ద్రవాల గురించే. రెండు మాటలు చేరుస్తాను.

ఆయన వాడిన కాలం సూత్రం పొర మందం వ్యాసార్ధం కంటే బాగా తక్కువున్నప్పుడే కచ్చితం. దారం మీద ఆముదం పొర దారం కంటే మందంగా ఉంటుంది కాబట్టి ఆ సెకను లెక్కను అంచనాగానే రాయండి. వైవాలో అడిగితే చెప్పడానికి ఇంకో హద్దు ఉంది. 1990లో కెరే అనే పరిశోధకుడు చూపించింది ఏంటంటే, దిగే ప్రవాహమే పూసలను ఆపగలదు. పొర ఒక హద్దు కంటే పలుచగా ఉంటే పూస కట్టదు. ఆ హద్దు వ్యాసార్ధం ఘనాన్ని కేపిలరీ పొడవు (తలతన్యతా గురుత్వమూ సరితూగే పొడవు) వర్గంతో భాగిస్తే వచ్చే స్థాయిలో ఉంటుంది. నీటి కేపిలరీ పొడవు 2.7 మి.మీ. మీ పైపుకు లెక్క కడితే హద్దు మీటర్లలో వస్తుంది. అంటే పైపు మీద మీరు పారించగల ఏ పొరైనా హద్దులోపే. పావు మిల్లీమీటరు వ్యాసార్ధమున్న దారం మీద ఆముదానికి అదే హద్దు కొన్ని మైక్రాన్లే. మీరు పోసింది దానికి ఎన్నో రెట్లు. మీ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు కావాలంటే ఇదే.

ఆముదం, నైలాన్ దారం ప్రయోగం మీరు సరదాకి చేశామన్నారు. 2001లో క్లియాఖాండ్లర్, డేవిస్, బ్యాంకాఫ్ అచ్చంగా ఆముదంతోనే చేసి పేపరు రాశారు. ప్రవాహాన్ని మారుస్తూ పోతే పూసలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఒక రకంలో సమాన దూరంలో, ఒకే వేగంతో, వరస చెదరకుండా దిగుతాయి. ఇంకో రకంలో పెద్ద పూస వెనక నుంచి వచ్చి చిన్న వాటిని మింగేస్తుంది. మీరు ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీస్తే రెండూ కనిపిస్తాయి. వీటికి ఉపయోగం కూడా ఉంది. 2019లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు నిలువుగా కట్టిన నూలు దారాల వరసల మీద నీటి పూసలు దించి, గాలిలోని నీటి ఆవిరిని వాటి మీద పట్టే పద్ధతి చూపారు, ఉప్పునీటిని మంచినీరు చేసే పనికి.

కాకినాడ_కెమికల్_4

అందరికీ చాలా థాంక్స్! పైపు నిజంగానే ఒక పక్కకు వాలి ఉంది అన్నా, గుండు కట్టి సరిచేశాం. పైపు కడిగి, నీళ్లు ఎక్కువ వదిలి, మళ్లీ 1 లీటరుకు తగ్గిస్తే మచ్చ రాలేదు. ఆముదం పైపు మీద నున్నగా దిగింది, సర్ చెప్పినట్టే.

ఇప్పుడు మందం కొలవాలి. మా దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. పైపు మీద ఒకేసారి ఎన్ని నీళ్లుంటాయో చూద్దామనుకున్నాం. సందును ఒక్కసారిగా మూసేసి, అప్పటి నుంచి నిమిషం పాటు కింద పడిన నీళ్లు కొలజాడీలో పట్టాం. 0.3 మి.మీ. × 0.157 మీ. × 1 మీ. అంటే 47 మి.లీ. రావాలి. చాలాసార్లు చేశాం, 40, 41 దగ్గరే ఆగుతోంది. నుసెల్ట్ లెక్క తప్పా, మా కొలత తప్పా?

ఎవాపరేటర్_రిటైర్డ్

రెండూ తప్పు కాదమ్మా. పద్ధతి చక్కగా ఉంది, మీరే ఆలోచించారంటే మరీ సంతోషం.

47లోంచి రెండు కోతలు వేయండి. మొదటిది అలల కోత. నుసెల్ట్ లెక్క నున్నటి పొరకు. అలలున్నప్పుడు అంతే నీరు కాస్త పలుచని సగటు మందంతోనే దిగిపోతుంది, ఎందుకంటే శిఖరాలు ఎక్కువ నీటిని మోస్తాయి. కపిట్జా లెక్కలో ఇది 7 శాతం వరకు. అంటే 47 కాస్తా 44 అవుతుంది.

రెండోది గోడకు అంటుకుని మిగిలే నీరు. సందు మూశాక పొర ఒక్కసారిగా మాయం కాదు, సన్నబడుతూ పోతుంది. జెఫ్రీస్ 1930లో ఇచ్చిన సూత్రం: మందం వర్గం = కైనమాటిక్ స్నిగ్ధత × పై నుంచి దూరం ÷ (గురుత్వ త్వరణం × గడిచిన సమయం). నిమిషం తర్వాత పైపు అడుగున 0.037 మి.మీ. ఉంటుంది. పైపు మొత్తం మీద సగటు అందులో మూడింట రెండు వంతులు. మీ పైపు విస్తీర్ణానికి దాదాపు 4 మి.లీ. అది ఇంకా గోడ మీదే ఉంది, మీ జాడీలోకి రాలేదు. 44లోంచి 4 తీస్తే 40.

నిమిషం బదులు నాలుగు నిమిషాలు పట్టి చూడండి. మిగిలే నీరు సగమవుతుంది, జాడీలోకి ఇంకో 2 మి.లీ. రావాలి. గదిలో ఫ్యాను ఆపేయండి, ఆలోపు ఆవిరైతే లెక్క పాడవుతుంది. జాడీ బదులు ల్యాబులో తూకం యంత్రం దొరికితే దాని మీద గిన్నె పెట్టి, పది సెకన్లకోసారి బరువు రాసుకోండి. చివరి భాగంలో గోడ మీద ఇంకా మిగిలిన నీరు సమయం వర్గమూలానికి విలోమంగా తగ్గుతూ వస్తే, జెఫ్రీస్ సూత్రం కూడా మీ ప్రాజెక్టులో ఒక గ్రాఫ్ అవుతుంది.